టెర్మినల్ ఎంత వెడల్పో ఎవరు చెప్పాలి?

టెర్మినల్ (కమాండ్‌లు కొట్టి కంప్యూటర్‌తో పని చేయించుకునే అక్షరాల తెర) విండో మూలను మౌస్‌తో పట్టుకుని లాగితే లోపల అన్నీ సర్దుకుంటాయి. ఎడిటర్ కొత్త వెడల్పుకు తగ్గట్టు తనను తాను మళ్ళీ గీసుకుంటుంది, టాప్ కమాండ్ ఇంకొన్ని ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు) చూపిస్తుంది. ఇదంతా ఎంత మామూలుగా జరిగిపోతుందంటే, దీని వెనక ఒక కబురు నడుస్తోందన్న సంగతి ఎవరికీ తట్టదు. కబురు ఎక్కడో తెగినప్పుడు మాత్రం తెలిసొస్తుంది. వీఐ ఎడిటర్ పెద్ద స్క్రీన్‌లో ఒక మూల ముడుచుకుని కూర్చుంటుంది, పొడవాటి కమాండ్ తన మీద తానే ఎక్కేస్తుంది, ప్రాసెస్‌ల జాబితాలో వరుసలు సగంలో తెగిపోతాయి.

లైనక్స్ లాంటి యునిక్స్ తరహా సిస్టమ్‌లలో స్క్రీన్ సైజు గొడవలు దాదాపు అన్నీ ఒకే కోవకు చెందుతాయని నా అభిప్రాయం. కొలత తెలిసినవాడు ఒకడు, దాంతో పని ఉన్నవాడు ఇంకొకడు, ఆ మాట చేరవేసేవాడు మధ్యలో లేడు. అలాంటప్పుడు కబురు ఎక్కడ తెగిందో వెతికి అక్కడ అతకాలి. ఏదో ఒక అంకెను కాన్ఫిగ్ ఫైల్లో రాసేసి ఊరుకుంటే ఆ రోజుకు పని జరుగుతుంది గానీ, తర్వాత ఇంకో చోట, ఇంకో మనిషికి అదే తలనొప్పి అవుతుంది.

ముందు 80×24 సంగతి, అంటే 80 కాలమ్‌లు (వరుసకు 80 అక్షరాలు), 24 వరుసలు అనే పాత కొలత. 80 అనే అంకె స్క్రీన్ మీద పుట్టింది కాదు. ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్‌కార్డులో 80 నిలువు వరుసలుండేవి. యునిక్స్ తొలి రోజుల్లో వాడిన టెలిటైప్ మోడల్ 33 కాగితం మీద వరుసకు 72 అక్షరాలు కొట్టేది, అదీ సెకనుకు 10 చొప్పున. డెక్ కంపెనీ 1970లో తెచ్చిన వీటీ05 టెర్మినల్‌లోనూ 72 కాలమ్‌లే, 20 వరుసలు. 1975 నాటి వీటీ52కి వచ్చేసరికి 80×24 అయింది. 1978లో వచ్చిన వీటీ100 బాగా అమ్ముడుపోవడంతో మిగతావాళ్ళంతా దాన్నే అనుసరించారు. అప్పట్లో టెర్మినల్ అంటే బల్ల మీదుండే ఒక పెట్టె, దాని సైజు మారేది కాదు. కాబట్టి "ఈ మోడల్‌కు ఇన్ని వరుసలు, ఇన్ని కాలమ్‌లు" అని ఒక ఫైల్లో రాసిపెట్టుకుంటే సరిపోయేది. టెర్మ్‌క్యాప్, ఆ తర్వాత టెర్మ్‌ఇన్ఫో చేసిన పని అదే.

విండోలు వచ్చాక ఆ ఏర్పాటు కూలిపోయింది. ఒకే టెర్మినల్ పొద్దున 80 కాలమ్‌లు, మధ్యాహ్నం 200 కాలమ్‌లు. ఫైల్లో ఏ అంకె రాయాలి? దీనికి యునిక్స్‌లో ఒక రకమైన బీఎస్‌డీ వాళ్ళు చెప్పిన జవాబు ఇప్పటికీ నడుస్తోంది. 1986 నాటి 4.3 బీఎస్‌డీలో సిగ్‌వించ్ అనే సిగ్నల్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు అందే చిన్న హెచ్చరిక) ఉంది. సిస్టమ్‌కు గుండెకాయలాంటి కర్నల్ ప్రతి టెర్మినల్ గురించీ నాలుగు అంకెలు గుర్తుపెట్టుకుంటుంది: వరుసలు, కాలమ్‌లు, అడ్డంగా ఎన్ని పిక్సెళ్ళు, నిలువునా ఎన్ని పిక్సెళ్ళు. ఒక్కోటి రెండేసి బైట్లు, మొత్తం కలిపి ఎనిమిది. మనం విండోను లాగినప్పుడు టెర్మినల్ ప్రోగ్రామ్ కొత్త అంకెలను కర్నల్‌కు చెబుతుంది. అంకెలు నిజంగానే మారి ఉంటే, ఆ టెర్మినల్‌లో మన కళ్ళ ముందు నడుస్తున్న ప్రోగ్రామ్‌కు కర్నల్ సిగ్‌వించ్ పంపుతుంది. ఆ సిగ్నల్‌లో కొలత ఉండదు, "సైజు మారింది, చూసుకో" అన్న మాట మాత్రమే ఉంటుంది. ప్రోగ్రామ్ కర్నల్‌ను అడిగి అంకెలు తెచ్చుకుని మళ్ళీ గీసుకుంటుంది. పట్టించుకోని ప్రోగ్రామ్‌కు ఆ సిగ్నల్ వల్ల ఏ హానీ లేదు, వచ్చింది వచ్చినట్టే పోతుంది.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ అంకెలు నిజమో కాదో కర్నల్ ఎప్పుడూ సరిచూడదు. ఎవరు ఏం చెబితే అదే రాసుకుంటుంది. కావాలంటే ఇప్పుడే చేసి చూడండి. వెడల్పాటి విండోలో "ఎస్‌టీటీవై కాల్స్ 40" (stty cols 40) అని కొట్టి, ఫైళ్ళు ఎక్కువున్న డైరెక్టరీలో ఎల్ఎస్ (ls) నడపండి. ఇంత స్క్రీన్ ఖాళీగా ఉండగానే ఫైళ్ళ పేర్లన్నీ ఎడమ పక్కన 40 కాలమ్‌లలోకి ముడుచుకుంటాయి. విండో మూలను కాస్త కదిపితే టెర్మినల్ అసలు కొలత మళ్ళీ చెబుతుంది, అంతా మామూలైపోతుంది. "ఎస్‌టీటీవై సైజ్" (stty size) అని అడిగితే కర్నల్ ఏమనుకుంటోందో తెలుస్తుంది. అది ముందు వరుసలు చెబుతుంది, తర్వాత కాలమ్‌లు. ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌కు జామెట్రీ (విండో సైజు) ఇచ్చేటప్పుడు దీనికి తలకిందులుగా కాలమ్‌లు ముందు, వరుసలు తర్వాత. ఈ రెండూ కలగాపులగమై తిరగబడ్డ సైజులు పెట్టిన స్క్రిప్టులు నేను చాలానే చూశాను.

దూరంగా ఉన్న మెషీన్‌కు లాగిన్ అయినప్పుడు ఈ కబురు నెట్‌వర్క్ దాటాలి. అలా లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్‌కు ఆ ఏర్పాటు 1988లో ఆర్ఎఫ్‌సీ 1073 అనే నెట్‌వర్క్ పత్రంతో వచ్చింది. ఇప్పుడు అందరూ వాడే ఎస్ఎస్‌హెచ్‌లో అయితే అది ప్రోటోకాల్‌లోనే ఉంది. టెర్మినల్ కావాలని అడిగేటప్పుడే సైజు కూడా పంపుతుంది, తర్వాత మారినప్పుడల్లా "విండో ఛేంజ్" అనే సందేశం వెళుతుంది. అందుకే ఎస్ఎస్‌హెచ్ వాడేవాళ్ళకు ఈ బాధ పెద్దగా తెలియదు.

తెలిసేది సీరియల్ కన్సోల్ దగ్గర, అంటే నెట్‌వర్క్ లేకుండా ఒక తీగతో మెషీన్‌తో మాట్లాడే చోట. చిన్న బోర్డులు, నెట్‌వర్క్ పడిపోయిన సర్వర్లు, వర్చువల్ మెషీన్ల టెక్స్ట్ కన్సోళ్ళు, అన్నీ ఈ దారినే పలుకుతాయి. సీరియల్ తీగలో వెళ్ళేవి అక్షరాలు మాత్రమే. "నా విండో ఇంత" అని చెప్పే పక్కదారి అందులో లేదు. అక్కడ ఎస్‌టీటీవై సైజ్ అడిగితే తరచుగా వచ్చే జవాబు "0 0". సున్నా చూసిన ప్రోగ్రామ్ పాత టెర్మ్‌ఇన్ఫో ఫైల్‌కు పోతుంది, అందులో 24 వరుసలు, 80 కాలమ్‌లు అని ఉంటుంది. మన దగ్గరున్న విండో 52 వరుసలు, 178 కాలమ్‌లు అయినా సరే.

ఇది చూడ్డానికి బాగోకపోవడం వరకే అయితే నేను ఇంత రాయను. సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. అక్కడ సీరియల్ కన్సోల్ అవసరం పడేది ఏదో పాడైనప్పుడే, అంటే అందరూ టెన్షన్‌లో ఉన్నప్పుడే. మనం కొట్టే కమాండ్‌లు తీసుకుని నడిపే షెల్ 80 కాలమ్‌లే ఉన్నాయనుకుంటోంది, విండో 178 కాలమ్‌లుంది అనుకుందాం. 80వ అక్షరం దాటగానే షెల్ కింది వరుసకు వెళ్ళాననుకుని కర్సర్‌ను వరుస మొదటికి తెస్తుంది. కానీ అసలు స్క్రీన్‌లో వరుస ఇంకా అయిపోలేదు. దాంతో మనం కొడుతున్న అక్షరాలు అదే వరుస మొదట్లో ఉన్న ప్రాంప్ట్ (కమాండ్ కొట్టమని షెల్ చూపే గుర్తు) మీద, కమాండ్ మొదటి భాగం మీద పడతాయి. వెనక్కి వెళ్ళి ఒక అక్షరం దిద్దబోతే కర్సర్ ఒక చోట కనిపిస్తుంది, మార్పు ఇంకో చోట జరుగుతుంది. పాత కమాండ్‌ను హిస్టరీ నుంచి పైకి తెచ్చుకుంటే పాతదీ కొత్తదీ కలిసిన ముక్కలు కనిపిస్తాయి. ఎంటర్ కొడితే నడిచేది షెల్ మనసులో ఉన్న కమాండ్, మన కళ్ళకు కనిపిస్తున్నది కాదు. ఆ కమాండ్ ఫైళ్ళు తుడిచేదో, డిస్క్ పార్టిషన్ మార్చేదో అయితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. సైజు తప్పుగా ఉన్న షెల్‌లో పొడవాటి కమాండ్ కొట్టొద్దని కొత్తగా చేరినవాళ్ళకు నేను మొదటి రోజే చెబుతాను.

(ఇలాంటి లక్షణమే ఇంకో కారణంతోనూ వస్తుంది. ప్రాంప్ట్‌లో రంగుల కోడ్‌లు పెట్టి, అవి స్క్రీన్ మీద చోటు తీసుకోవని బాష్ అనే షెల్‌కు గుర్తులతో చెప్పకపోతే, అది వాటిని కూడా అక్షరాలుగానే లెక్కేస్తుంది. ఎస్‌టీటీవై సైజ్ సరైన అంకెలే చెబుతున్నా కమాండ్ తన మీద తానే ఎక్కుతుంటే అనుమానించాల్సింది ప్రాంప్ట్‌నే.)

సీరియల్ లైన్ మీద కొలత తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది, అది నాకు చాలా ఇష్టం. పక్కదారి లేకపోతేనేం, అక్షరాల దారిలోనే అడగొచ్చు. ముందు టెర్మినల్‌తో "నీ కర్సర్ ఎక్కడుందో గుర్తుంచుకో" అంటాం. తర్వాత "999వ వరుస, 999వ కాలమ్‌కు వెళ్ళు" అంటాం. అంత పెద్ద స్క్రీన్ లేదు కాబట్టి కర్సర్ కుడి పక్క అట్టడుగు మూలకు వెళ్ళి ఆగిపోతుంది. అప్పుడు ఎస్కేప్, స్క్వేర్ బ్రాకెట్, 6, ఎన్ అనే నాలుగు బైట్లు పంపుతాం, "ఇప్పుడు ఎక్కడున్నావు?" అని దాని అర్థం. "52, 178" అని జవాబొస్తుంది. అదే స్క్రీన్ సైజు. దాన్ని కర్నల్‌కు చెప్పి, కర్సర్‌ను పాత చోటికి పంపేస్తే పని అయిపోయింది. ఎక్స్‌టెర్మ్‌తో పాటు వచ్చే "రీసైజ్" అనే చిన్న ప్రోగ్రామ్ చేసేది సరిగ్గా ఇదే. వీటీ100 నాటి భాషతోనే, ఏ కొత్త ప్రోటోకాల్ లేకుండా, అడిగితే తెలిసిపోతుంది. ఒక్కటే లోటు: ఇది ఆ క్షణానికి తీసిన కొలత. తర్వాత విండో లాగితే మళ్ళీ నడపాల్సిందే.

ఇంత సులువుగా అడిగే దారి ఉండగా, చాలా చోట్ల చెప్పే సలహా ఏమిటంటే, "బాష్‌ఆర్‌సీలో (బాష్ మొదలవగానే చదివే ఫైల్లో) ఎస్‌టీటీవై రోస్ 50 కాల్స్ 200 అని రాసేయండి". ఇది మంచి సలహా కాదు. ఆ అంకెలు రాసినవాడి మానిటర్‌వి. అదే మెషీన్‌కు రేపు ల్యాప్‌టాప్‌తో వచ్చినవాడికి ఆ అంకెలు అబద్ధాలు. పైగా ఎస్ఎస్‌హెచ్ తెచ్చిన సరైన కొలతను కూడా లాగిన్ కాగానే అవి తుడిచిపెడతాయి. వరుసలు, కాలమ్‌లు ఎన్నో చెప్పే లైన్స్, కాలమ్స్ వేరియబుళ్ళను ఎక్స్‌పోర్ట్ చేయడం (నడిపే ప్రతి ప్రోగ్రామ్‌కూ అందేలా పెట్టడం) దీనికంటే చెడ్డ అలవాటు. స్క్రీన్ గీయడానికి వాడే ఎన్‌కర్సెస్ లైబ్రరీతో రాసిన ప్రోగ్రామ్‌లు ఆ వేరియబుళ్ళు కనిపిస్తే కర్నల్ మాట పక్కన పెట్టి వాటినే నమ్ముతాయి, విండో ఎంత లాగినా కదలవు. బాష్ తనంతట తాను ప్రతి బయటి కమాండ్ తర్వాత సైజు చూసుకుని ఆ రెండు వేరియబుళ్ళను సరిచేసుకుంటుంది. దాని పేరు చెక్‌విన్‌సైజ్, బాష్ 5.0 నుంచి అడక్కుండానే ఆన్‌లో ఉంటోంది. దాన్ని దాని పని చేయనివ్వాలి. ఒక్క కమాండ్ కోసం ముందు కాలమ్స్ పెట్టుకోవడంలో తప్పులేదు. ప్యాకేజీల జాబితా చూపే డీపీకేజీ మైనస్ ఎల్ కమాండ్ పేర్లను కత్తిరిస్తుంటే ముందు "కాలమ్స్=200" అని పెట్టి నడపడం నేనూ చేస్తాను. అది ఆ కమాండ్‌తోనే పోతుంది.

ఒకే విండోలో చాలా టెర్మినళ్ళు నడిపే టీమక్స్ లాంటివి మధ్యలో ఉంటే కబురు రెండుసార్లు చేతులు మారుతుంది. ఒకే సెషన్‌కు రెండు స్క్రీన్ల నుంచి అతుక్కుంటే ఎవరి సైజు లెక్కలోకి తీసుకోవాలన్నది విండో సైజ్ అనే ఆప్షన్‌తో చెప్పొచ్చు. పాత స్క్రీన్‌ను వదిలేసి వచ్చి ఉంటే, అటాచ్ అయ్యేటప్పుడు మైనస్ డీ ఇస్తే అది విడిపోతుంది. మన బదులు తానే టైప్ చేసే ఎక్స్‌పెక్ట్ స్క్రిప్ట్ ద్వారా లాగిన్ అయ్యేవాళ్ళు మాత్రం సిగ్‌వించ్‌ను పట్టుకుని అవతలి టెర్మినల్‌కు సైజు అందించే నాలుగు వరుసలు తామే రాసుకోవాలి. అది రాయకపోతే విండో లాగినా అవతలి మెషీన్‌కు తెలియదు.

ఇక అసలు స్క్రీన్ దగ్గరికి వద్దాం. గ్రాఫిక్స్ లేని లైనక్స్ కన్సోల్‌లో లెక్క చాలా సూటిగా ఉంటుంది. స్క్రీన్ పిక్సెళ్ళను అక్షరం పిక్సెళ్ళతో భాగిస్తే కాలమ్‌లు, వరుసలు వచ్చేస్తాయి. 1920×1080 స్క్రీన్ మీద 8×16 ఫాంట్ పెడితే 240 కాలమ్‌లు, 67 వరుసలు. అక్షరం గడి ఎత్తు 24 అంగుళాల మానిటర్ మీద సుమారు 4.4 మిల్లీమీటర్లు వస్తుంది, చదవొచ్చు. అదే ఫాంట్ 14 అంగుళాల 4కె ల్యాప్‌టాప్ మీద 1.3 మిల్లీమీటర్లు. 480 కాలమ్‌లు, 135 వరుసలు, ఒక్క ముక్క కనిపించదు.

ఇక్కడ చాలామంది చేసేది రిజల్యూషన్ తగ్గించడం. సిస్టమ్‌ను మొదలుపెట్టే గ్రబ్‌లోనో, కర్నల్‌కిచ్చే వీడియో ఆప్షన్‌లోనో 1024×768 అని రాస్తారు. డెస్క్‌టాప్‌లో అయితే ఎక్స్‌ర్యాండ్ఆర్ కమాండ్‌తో మోడ్ (రిజల్యూషన్) మారుస్తారు. అక్షరాలు పెద్దవవుతాయి, నిజమే. కానీ ఎల్‌సీడీ ప్యానెల్‌కు పిక్సెళ్ళు తయారీలోనే స్థిరపడి ఉంటాయి. తక్కువ రిజల్యూషన్ ఇస్తే అది ఒక పిక్సెల్‌ను ఒకటిన్నరగానో, ఒకటీ ముప్పావుగానో సాగదీయాలి. అక్షరాల అంచులు మసకబారతాయి. చూపు సరిగా ఆనని మనిషి కోసం చేసిన మార్పు చివరికి ఆ మనిషి కళ్ళనే ఎక్కువ శ్రమ పెడుతుంది. రిజల్యూషన్‌ను ప్యానెల్ అసలు కొలతలోనే ఉంచి ఫాంట్ పెంచాలి. కన్సోల్‌లో సెట్‌ఫాంట్ కమాండ్‌తో 16×32 టెర్మినస్ ఫాంట్ పెట్టుకుంటే అదే 1920×1080 మీద 120 కాలమ్‌లు, 33 వరుసలు వస్తాయి, అక్షరాలు నున్నగా ఉంటాయి. 2019లో వచ్చిన లైనక్స్ 5.0 నుంచి ఈ సైజు టెర్మినస్‌ను కర్నల్‌లోనే కలుపుకోవచ్చు. ఫ్రీబీఎస్‌డీలో ఇదే పనికి విడ్‌కంట్రోల్ ఉంది. డెస్క్‌టాప్ విండోలు చూపించే ఎక్స్ కింద ఎక్స్ఎఫ్‌టీ డీపీఐ అనే ఫాంట్ సెట్టింగ్‌ను 96 నుంచి 144కు పెంచితే, దాన్ని పట్టించుకునే ప్రోగ్రామ్‌లన్నిటిలో అక్షరాలు ఒకటిన్నర రెట్లవుతాయి. ప్రొజెక్టర్‌కు కలిపినప్పుడు, పాడైన డ్రైవర్‌తో స్క్రీనే రానప్పుడు మోడ్ మార్చక తప్పదు. అది వేరే సంగతి.

"ఇంత గొడవెందుకు, అందరూ 80 కాలమ్‌లకే రాస్తే సరిపోదా?" అనేవాళ్ళున్నారు. కోడ్ వరకు ఆ వాదనలో బలముంది. పైథాన్ కోడ్ ఎలా రాయాలో చెప్పే పెప్ 8 ఇప్పటికీ 79 అక్షరాలనే చెబుతుంది. లైనక్స్ కర్నల్ వాళ్ళు 2020లో కోడ్‌ను సరిచూసే తమ చెక్‌ప్యాచ్ హెచ్చరికను 100కు జరిపినా 80నే మేలనుకుంటారు. మరీ పొడవాటి వరుసలు చదవడం కష్టం కాబట్టి నేను కూడా అటే మొగ్గుతాను. కానీ మనిషి చదవడానికి రాసే వరుస పొడవు ఒకటి, మెషీన్ చూపించే సమాచారానికి దొరికే చోటు ఇంకొకటి. ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండ్ వెడల్పు దాటిన ప్రతి వరుసనూ కోసేస్తుంది. జావా ప్రాసెస్ ఏ ఆప్షన్లతో నడుస్తోందో చూడబోతే అవన్నీ ఆ కోసేసిన తోకలోనే ఉంటాయి. పీఎస్‌కు డబ్ల్యూను రెండుసార్లు ఇస్తే కోయడం ఆపుతుంది గానీ, తోక తెగిందని తెలిసినవాడికే ఆ ఆలోచన వస్తుంది.

80ని కనీసంగా పెట్టుకోవడంలో ఇంకో అన్యాయం ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. చూపు తక్కువున్న మనిషి 1920×1080 స్క్రీన్ మీద 24×48 ఫాంట్ పెట్టుకుంటే 80 కాలమ్‌లు, 22 వరుసలు వస్తాయి. 24 వరుసలు ఉంటాయని లెక్కేసుకున్న ప్రోగ్రామ్ ఇక్కడే కింది రెండు వరుసలు పోగొట్టుకుంటుంది. ఇంకాస్త పెంచి 32×64 చేస్తే 60 కాలమ్‌లు, 16 వరుసలు. అప్పుడు కర్నల్ కాన్ఫిగర్ చేసే మెనూకాన్ఫిగ్ అసలు తెరుచుకోదు, కనీసం 19 వరుసలు, 80 కాలమ్‌లు ఉండాలని చెప్పి ఆగిపోతుంది. ఆ మనిషి స్క్రీన్ ఏమీ చిన్నది కాదు. కొలత అడిగి కూడా దానికి తగ్గట్టు సర్దుకోని ప్రోగ్రామ్ అది. మెనూను మడిచి, వరుసను రెండుగా చేసి, పక్కకు జరిపి చూపించడం సాధ్యమైన పనే. టెర్మినల్ ప్రోగ్రామ్‌లు రాసేవాళ్ళను నేను కోరేది ఒకటే: మీ ప్రోగ్రామ్‌ను ఒకసారి 60×16లో నడిపి చూడండి. అందులో వాడగలిగితే మిగతా సైజులన్నిటిలోనూ వాడగలరు.

పరిస్థితి మెరుగవుతోంది కూడా. ఇన్ని దశాబ్దాలుగా ప్రతి సిస్టమ్‌లోనూ ఉన్నా ప్రమాణంలో లేని సిగ్‌వించ్, యునిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పాజిక్స్ 2024లో చేరింది. సైజు అడిగే, మార్చే రెండు ఫంక్షన్లకు కూడా అందులో చోటు దొరికింది. కొన్ని కొత్త టెర్మినళ్ళలో 2048 అనే మోడ్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే సైజు మారినప్పుడల్లా టెర్మినలే ఆ సంగతిని అక్షరాల దారిలో ప్రోగ్రామ్‌కు పంపుతుంది. అంటే సీరియల్ తీగ మీద కూడా, రీసైజ్ మళ్ళీ మళ్ళీ నడపకుండా, కబురు అందుతుంది. అది అన్ని టెర్మినళ్ళకూ, అన్ని ఎడిటర్లకూ చేరాలి.

అది చేరేలోపు సీరియల్ కన్సోల్ ఉన్న ప్రతి మెషీన్‌లోనూ లాగిన్ ప్రొఫైల్‌లో నేనొక షరతు పెడుతున్నాను: ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ టెర్మినల్ అయి, ఎస్‌టీటీవై సైజ్ "0 0" అంటేనే రీసైజ్ నడుస్తుంది. సైజు ముందే తెలిసిన ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌లను అది ముట్టుకోదు. ఈ షరతు ఉన్నా ఒక లోటు మాత్రం మిగులుతుంది: సీరియల్ మీద స్క్రిప్టులు చేసే లాగిన్‌లు "ఎక్కడున్నావు?" అన్న ప్రశ్నకు జవాబిచ్చే టెర్మినల్ లేక కాసేపు ఊరికే ఎదురుచూస్తాయి.